తోడు లేనిదే పెరుగు లేదు: పరాయి యంత్రానికి కంపైలర్ నిర్మాణం, అందులోని చిక్కులు

పాలు ఎంత చిక్కనివైనా, కాచిన తీరు ఎంత చక్కనిదైనా, తోడు లేనిదే పెరుగు కాదు. తోడు అంటే నిన్నటి పెరుగే. కొన్ని ప్రాంతాలలో దానినే చేమిరి అంటారు. సముద్రాలు దాటి వచ్చి అమెరికాలో కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలు మొదటి వారంలోనే వెతుక్కునే వస్తువులలో అదొకటి. పొరుగున ఉన్న మరో తెలుగింటి నుంచి చెంచాడు పెరుగు అడిగి తెచ్చుకుంటే చాలు, ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ ఇంట పెరుగుకు లోటుండదు. మరి ఆ పొరుగింటికి తోడు ఎక్కడిది? ఇంకొక పొరుగింటిది. ఇలా వెనక్కు పోతూ ఉంటే మొట్టమొదటి తోడు ఎక్కడిదన్న ప్రశ్న మిగిలిపోతుంది.

కంప్యూటర్ శాస్త్రంలోనూ ఇటువంటి ప్రశ్నే ఒకటి ఉన్నది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే అనువాదకాన్ని కంపైలర్ అంటారు. ఆ కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే. దానిని యంత్రభాషలోకి మార్చడానికి మరొక కంపైలర్ కావాలి. తొలినాళ్లలో ఈ పనిని మనుషులే చేతితో చేశారు. 1957లో జాన్ బాకస్ నాయకత్వాన ఐ.బి.ఎం. బృందం వెలువరించిన ఫోర్ట్రాన్ కంపైలర్ అలా పుట్టినదే. 1962లో ఎం.ఐ.టి.లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ అనే ఇద్దరు లిస్ప్ కంపైలర్‌ను లిస్ప్ భాషలోనే రాసి, తనను తాను అనువదించుకునేలా చేశారు. అప్పటి నుంచి కంపైలర్ వంశం పెరుగు వంశంలాగే సాగుతున్నది. ఈనాటిదానికి నిన్నటిది తోడు.

ఈ వంశంలో ఒక ప్రత్యేక శాఖ ఉన్నది. ఒక యంత్రం మీద కూర్చుని, మరొక జాతి యంత్రానికి పనికివచ్చే ఆజ్ఞలను తయారుచేసే కంపైలర్ అది. దానిని క్రాస్ కంపైలర్ అంటారు. దానితో పాటు ఉండవలసిన ఇతర పనిముట్లన్నిటినీ కలిపి టూల్‌చెయిన్ అంటారు. దానిని స్వయంగా నిర్మించుకోబోయినవారికి ఎదురయ్యే దోషాలు ఎటువంటివి, వాటిని కనిపెట్టే మార్గమేది అన్నది ఈ వ్యాస విషయం.

చూడని యంత్రానికి ప్రోగ్రాము

యంత్రం చేతిలో లేకుండానే దానికి ప్రోగ్రాము రాసిన సంఘటనలలో ప్రసిద్ధమైనది 1975 నాటిది. ఆ ఏడాది జనవరిలో ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ కనబడింది. అందులోనిది ఇంటెల్ 8080 చిప్. దానికి బేసిక్ భాషను సమకూర్చుతామని బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ముందుకు వచ్చారు. కాని వారి వద్ద ఆల్టెయిర్ లేదు. ఉన్నది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పి.డి.పి.-10 అనే పెద్ద యంత్రం. ఆలెన్ ఆ పెద్ద యంత్రాన్నే 8080 చిప్ లాగా నటింపజేసే ప్రోగ్రాము రాశాడు. దాని మీదనే బేసిక్ రూపుదిద్దుకున్నది.

పూర్తయిన బేసిక్‌ను కాగితపు టేపు మీద ఎక్కించుకుని ఆలెన్ ఆల్బకర్కీ నగరానికి విమానంలో బయలుదేరాడు. విమానం దిగబోయే ముందు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. టేపులోని సమాచారాన్ని ఆల్టెయిర్ లోపలికి చేర్చే చిన్న ప్రోగ్రాము రాయనే లేదు. విమానంలో కూర్చునే దానిని యంత్రభాషలో రాసుకున్నాడు. అసలు యంత్రం మీద మొట్టమొదటి పరీక్షలోనే అది పనిచేసింది. రెండూ రెండూ కూడమంటే నాలుగని అచ్చువేసింది.

వినడానికి ఇది విజయగాథ. అయితే ఇందులో క్రాస్ నిర్మాణపు కష్టమంతా ఇమిడి ఉన్నది. నిర్మాణం జరిగిన చోట సర్వం సవ్యంగా ఉన్నట్లు కనబడుతుంది. అవతలి యంత్రానికి అవసరమైన చిన్న ముక్క ఒకటి లేదన్న సంగతి ఇవతలి యంత్రం ఎన్నడూ చెప్పదు.

నేడు ఇళ్లలోని రూటర్లు, కార్లలోని నియంత్రణ పరికరాలు, ఆసుపత్రి యంత్రాలలోని చిప్‌లు పుట్టేది చాలావరకు ఇటువంటి నిర్మాణం నుంచే. కంపైలర్‌ను మోసే జ్ఞాపకశక్తి గాని, వేగం గాని వాటికి ఉండదు. వాటి ప్రోగ్రాములు ఎక్కడో ఒక పెద్ద యంత్రం మీద తయారై వాటిలోకి చేరుతాయి.

మూడు ఊళ్ల ముచ్చట

టూల్‌చెయిన్ నిర్మాణంలో తలెత్తే దోషాలలో పెద్ద భాగం మూడు మాటలను కలగాపులగం చేసుకోవడం వల్ల వస్తుంది. అవి బిల్డ్, హోస్ట్, టార్గెట్. కంపైలర్‌ను ఏ యంత్రం మీద తయారుచేస్తున్నామో అది బిల్డ్. తయారైన కంపైలర్ ఏ యంత్రం మీద నడుస్తుందో అది హోస్ట్. ఆ కంపైలర్ వెలువరించే ఆజ్ఞలు ఏ యంత్రానికి ఉద్దేశించినవో అది టార్గెట్.

ఒక ఉదాహరణ చూద్దాం. లూధియానాలో ఒక కుట్టుమిషను తయారయింది. విజయవాడలో ఒక దర్జీ దానిని వాడుతున్నాడు. అతడు కుట్టిన చొక్కాను చికాగోలో ఉన్న మనుమడు తొడుక్కుంటాడు. లూధియానా బిల్డ్, విజయవాడ హోస్ట్, చికాగో టార్గెట్. చొక్కా కొలతలు మనుమడివై ఉండాలి, దర్జీవి కాదు. దర్జీ పొరపాటున తన చేతి పొడవు కొలిచి కుట్టినా మిషను ఏమీ అభ్యంతరం చెప్పదు. చొక్కా కుట్టడం పూర్తవుతుంది. తేడా తెలిసేది చికాగోలోనే.

సాధారణంగా మొదటి రెండూ ఒకే యంత్రంగా ఉంటాయి. మూడూ వేర్వేరు అయినప్పుడు దానిని ‘కెనేడియన్ క్రాస్’ అంటారు. ఈ విషయం చర్చకు వచ్చిన రోజులలో కెనడాలో మూడు జాతీయ రాజకీయ పక్షాలు ఉండేవట. అందుచేత ఆ పేరు స్థిరపడింది.

విడదీయరాని ముడి

ప్రపంచంలో విస్తారంగా వాడుకలో ఉన్న ఉచిత కంపైలర్ జి.సి.సి. దీనిని రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి విడుదల చేశాడు. దీనితో టూల్‌చెయిన్ నిర్మించాలంటే నాలుగు అంగాలు కావాలి. కంపైలర్ ఇచ్చిన సంకేతాలను యంత్రాజ్ఞలుగా మార్చే అసెంబ్లర్, ముక్కలను కూర్చే లింకర్ ఉన్న బిన్‌యుటిల్స్ మొదటిది. టార్గెట్ మీద లినక్స్ ఉన్నట్లయితే దాని కెర్నెల్ హెడర్ ఫైళ్లు రెండవది. జి.సి.సి. మూడవది. అక్షరాలు అచ్చువేయడం, జ్ఞాపకస్థానం కేటాయించడం వంటి నిత్యకృత్యాలు నిర్వహించే సి లైబ్రరీ నాలుగవది.

ఇక్కడే ముడి పడుతుంది. సి లైబ్రరీని టార్గెట్ కోసం తయారుచేయాలంటే క్రాస్ కంపైలర్ కావాలి. క్రాస్ కంపైలర్ సంపూర్ణం కావాలంటే సి లైబ్రరీ కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం రెండు విడతల నిర్మాణం. మొదటి విడతలో లైబ్రరీ హెడర్లు లేవని ముందే చెప్పి, సి భాష ఒక్కటే తెలిసిన అర్ధ కంపైలర్‌ను తయారుచేస్తారు. ఆ అర్ధ కంపైలర్‌తో సి లైబ్రరీని తయారుచేస్తారు. ఆ లైబ్రరీని చూపించి, సి++ వంటి ఇతర భాషలు కూడా తెలిసిన పూర్తి కంపైలర్‌ను రెండవ విడతలో నిర్మిస్తారు. వరుస తప్పితే పని ముందుకు సాగదు. తోడు పెట్టకముందే కవ్వం పట్టిన చందమవుతుంది.

తరచుగా ఎదురయ్యే అయిదు దోషాలు

మొదటిది, గణిత లైబ్రరీల లోపం. జి.ఎం.పి., ఎం.పి.ఎఫ్.ఆర్., ఎం.పి.సి. అనే మూడు లైబ్రరీలు లేవంటూ నిర్మాణం ఆరంభంలోనే ఆగిపోతుంది. 2010లో వచ్చిన 4.5వ విడుదల నుంచి జి.సి.సి.కి ఈ మూడూ తప్పనిసరి. ప్రోగ్రాములోని స్థిర సంఖ్యల లెక్కలను కంపైలర్ ముందే చేసిపెడుతుంది. ఆ లెక్కకు హోస్ట్ యంత్రపు దశాంశ గణితాన్ని నమ్ముకుంటే టార్గెట్ మీద వచ్చే ఫలితంతో తేడా రావచ్చు. అందుకే ఏ యంత్రం మీదనైనా ఒకే జవాబు ఇచ్చే గణితం కావాలి. వీటిని తెచ్చి సరైన చోట ఉంచే చిన్న ప్రోగ్రాము జి.సి.సి. మూలంతో పాటే వస్తుంది. దానిని నడిపితే ఈ దోషం తీరిపోతుంది.

రెండవది అందరినీ తికమక పెట్టే దోషం. చాలాసేపు సాఫీగా సాగిన నిర్మాణం, ఆబ్జెక్ట్ ఫైళ్ల పేరు చివర ఏముండాలో నిర్ణయించలేకపోయానని చెప్పి ఆగిపోతుంది. చదివినవారు పేర్ల కోసం వెతకడం మొదలుపెడతారు. కాని పేర్లతో దానికి సంబంధమే లేదు. కొత్తగా పుట్టిన కంపైలర్ చేత ఒక చిన్న ప్రోగ్రామును అనువదింపజేసి చూశారు, అది అనువదించలేకపోయింది, అంతే. కారణాలు పలు విధాలు. పై మూడు గణిత లైబ్రరీలను మామూలు కాని చోట ఉంచితే, కంపైలర్ పుడుతుంది గాని నడిచేటప్పుడు వాటిని కనుక్కోలేదు. లేదా టార్గెట్ అసెంబ్లర్ దానికి దొరకలేదు. నిజమైన కారణం కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలులో రాసి ఉంటుంది. అయితే ఆ పేరుతో ఫైళ్లు అనేకం ఉంటాయి. పై అరలోని దానిని చదివి ప్రయోజనం లేదు. ఆగిపోయిన భాగం ఏ అరలో ఉన్నదో ఆ అరలోని దానినే తెరవాలి.

మూడవది, తప్పు అసెంబ్లర్ చేతిలో పడడం. బిన్‌యుటిల్స్‌కు ఒక చోటు, జి.సి.సి.కి మరొక చోటు చెప్పినా, రెండింటికీ టార్గెట్ పేరును ఒకే విధంగా చెప్పకపోయినా, క్రాస్ కంపైలర్‌కు తన అసెంబ్లర్ కనబడదు. అప్పుడది ఇంట్లో ఉన్న హోస్ట్ అసెంబ్లర్‌ను పిలుస్తుంది. ఇటువంటి ఆజ్ఞ లేదని ఆ అసెంబ్లర్ వందల ఫిర్యాదులు చేస్తుంది. తమిళ ఉత్తరాన్ని తెలుగు మాత్రమే వచ్చినవారి చేతికిచ్చి చదవమన్నట్లు ఉంటుంది. ఫిర్యాదులు వందలైనా రోగం ఒక్కటే. బిన్‌యుటిల్స్ ముందుగా పూర్తిచేసి, రెండింటికీ ఒకే స్థానం, ఒకే టార్గెట్ పేరు చెప్పి, ఆ స్థానాన్ని పాత్ అనే వెతుకులాట జాబితాలో ముందుంచితే నయమవుతుంది.

నాలుగవది, పరిసరాల కాలుష్యం. రసాయన ప్రయోగశాలలో నిన్నటి ప్రయోగపు మరక ఉన్న గాజుపాత్ర నేటి ఫలితాన్ని చెడగొట్టగలదు. అదేవిధంగా హోస్ట్ యంత్రం కోసం ఎప్పుడో పెట్టుకున్న అమరికలు క్రాస్ నిర్మాణంలోకి చొరబడతాయి. హోస్ట్ ప్రాసెసర్ కోసం రాసుకున్న కంపైలర్ ఐచ్ఛికాలు, హెడర్ల దారులు, లైబ్రరీల దారులు ఇందులోకి వస్తాయి. లైబ్రరీల దారుల జాబితా చివర ఒక కోలన్ గుర్తు అదనంగా పడినా చాలు, దాని తరువాత ఉన్న శూన్యాన్ని యంత్రం ‘ప్రస్తుతం ఉన్న చోటు’ అని అర్థం చేసుకుంటుంది. జి.లిబ్.సి. అనే సి లైబ్రరీ పలు విడుదలలలో ఇది చూడగానే పని మానుకునేది. ఈ అమరికలన్నిటినీ తొలగించిన శుభ్రమైన షెల్‌లో పని ఆరంభించడమే మందు. మూలం ఉన్న అరలోనే నిర్మాణం చేయడం కూడా ఈ కోవలోనిదే. నిర్మాణానికి వేరే ఖాళీ అర కేటాయించాలి. ఒకసారి విఫలమైతే దానిని పూర్తిగా తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి.

అయిదవది, చివరి పంక్తిని నమ్మడం. ‘ఎర్రర్ 2’ అని మేక్ ప్రోగ్రాము చివరగా చెప్పేది కారణం కాదు, కబురు మాత్రమే. పెక్కు పనులను ఏకకాలంలో చేయించినప్పుడు అసలు దోషం వందల పంక్తుల వెనుక కలిసిపోతుంది. పని ఒక్కొక్కటిగా చేయించి, వచ్చిన మాటలన్నిటినీ ఒక ఫైలులో దాచి, మొట్టమొదటి దోషాన్ని చదవాలి. జ్ఞాపకశక్తి చాలక కంపైలర్‌నే ఆపరేటింగ్ సిస్టమ్ చంపివేసిన సందర్భాలు కూడా ఇలాగే బయటపడతాయి.

ఈ అయిదింటికీ వర్తించే సూత్రాలు ప్రయోగశాలలోవే. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన మార్పును, ఫలితాన్ని పుస్తకంలో రాసుకోవాలి. ఒకదానితో ఒకటి సరిపడతాయని ఇతరులు పరీక్షించిన విడుదలలనే ఎంచుకోవాలి. క్రాస్‌టూల్-ఎన్‌జి, బిల్డ్‌రూట్ వంటి పనిముట్లు ఈ వరుసనంతా తామే నడిపిస్తాయి. అవి ఉన్నా పై సంగతులు తెలిసి ఉండడం మేలు. ఎందుకంటే అవి ఆగినప్పుడు చెప్పే మాటలు కూడా ఇవే.

నోరు మెదపని దోషం

పైన చెప్పిన దోషాలన్నీ గొంతెత్తి అరిచేవి. ఆ మాటకు వస్తే అవి ఉపకారులు. అసలు భయం అరవని దోషంతోనే.

2012 ఫిబ్రవరి 29న రాస్‌ప్బెరీ పై అనే చౌక కంప్యూటర్ వెలువడింది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో బ్రిటన్‌లో పుట్టిన ఆ బోర్డులోని ప్రాసెసర్ ఆర్మ్ ఆరవ తరానికి చెందినది. డెబియన్ అనే లినక్స్ సంస్థ దశాంశ గణితాన్ని వేగంగా చేసే ఆర్మ్ యంత్రాల కోసం తయారుచేసిన రూపం ఏడవ తరాన్ని ఉద్దేశించినది. అది రాస్‌ప్బెరీ పై మీద నడవదు. మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు పూనుకుని, ఆ రూపాన్ని ఆరవ తరానికి తగినట్లు మళ్లీ నిర్మించి రాస్‌ప్బియన్ అని పేరు పెట్టారు. 2012 జూన్ నాటికి 35,000 పైచిలుకు ప్యాకేజీల తొలి నిర్మాణం పూర్తయింది.

చిక్కు ఏమిటంటే, ఆరవ తరానికైనా ఏడవ తరానికైనా టూల్‌చెయిన్ పేరు ఒక్కటే: ఆర్మ్-లినక్స్-గ్నూ-ఈ.ఏ.బి.ఐ.-హెచ్.ఎఫ్. డెబియన్ ఇచ్చే ఆ పేరుగల క్రాస్ కంపైలర్‌తో తొలి రాస్‌ప్బెరీ పై కోసం గాని, అదే జాతి చిప్‌తో 2015లో వచ్చిన పై జీరో కోసం గాని ప్రోగ్రాము తయారుచేస్తే ఒక్క దోషం కూడా కనబడదు. ఫైలు పుడుతుంది. బోర్డు మీద నడపగానే ‘చెల్లని ఆజ్ఞ’ అన్న ఒక్క మాటతో ప్రాణం విడుస్తుంది. ఆరవ తరానికి తగిన ఆజ్ఞలే ఇమ్మని కంపైలర్‌కు చెప్పినా చాలదు. ఆ కంపైలర్‌తో పాటు వచ్చిన ఆరంభ ఫైళ్లు, లైబ్రరీలు ఏడవ తరం ఆజ్ఞలతోనే తయారై ఉన్నాయి. అవి ప్రోగ్రాములో కలిసిపోతాయి. పాలు మంచివే, పాత్ర మంచిదే, తోడు మాత్రం వేరు. సీసా మీద పేరు ఒక్కటే అయినంత మాత్రాన లోపలి పదార్థం ఒక్కటేనని రసాయన శాస్త్రంలో ఎవరూ అనుకోరు. ఇక్కడా అనుకోరాదు.

దీనిని ముందుగానే కనిపెట్టే సాధనం బిన్‌యుటిల్స్‌లోనే ఉన్నది. రీడెల్ఫ్ అనే పనిముట్టును అడిగితే, ఒక ఫైలు ఏ తరం ప్రాసెసర్‌కు ఉద్దేశించినదో, దశాంశ సంఖ్యలను ఏ పద్ధతిలో అందుకుంటుందో చెబుతుంది. క్యూఈఎంయు వంటి కల్పిత యంత్రం మీద నడిపి చూడడం మరొక మార్గం. అయితే దానికి కూడా ఫలానా ప్రాసెసర్‌లాగా నటించమని స్పష్టంగా చెప్పాలి. లేకుంటే అది ఉన్నవన్నీ తెలిసిన ప్రాసెసర్‌లాగా ప్రవర్తించి, లేని ధైర్యాన్ని ఇస్తుంది.

మామూలు జి.సి.సి. నిర్మాణానికి ఒక రక్షణ ఉన్నది. పాత కంపైలర్‌తో కొత్తదానిని, ఆ కొత్తదానితో మళ్లీ దానినే, ఇంకొకసారి దానితో దానినే నిర్మిస్తారు. రెండవ, మూడవ విడతల ఫలితాలు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. సరిపోకపోతే నిర్మాణం తనంతట తానే తప్పును ప్రకటిస్తుంది. క్రాస్ కంపైలర్‌కు సాధారణంగా ఈ ఆత్మపరీక్ష సాధ్యపడదు. అది పుట్టించే ఆజ్ఞలు తాను ఉన్న యంత్రం మీద నడవవు గనుక తనను తాను అనువదించి చూసుకోలేదు. అందువల్ల పరీక్ష బాధ్యత నిర్మించినవారిదే. అసలు టార్గెట్ మీద నడిచి, తెలిసిన ప్రశ్నలకు తెలిసిన జవాబులు ఇచ్చేవరకు పని పూర్తి అయినట్లు కాదు. ఆలెన్ ఆల్టెయిర్‌ను రెండూ రెండూ కూడమన్నది ఇందుకే.

తోడును నమ్మవచ్చునా?

1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో కెన్ థాంప్సన్ ఈ ఆలోచనను చివరిదాకా తీసుకుపోయాడు. ఒక కంపైలర్‌లో రహస్యంగా దొంగదారిని అమర్చవచ్చు. తన మూలాన్ని అనువదించే ప్రతిసారీ ఆ దొంగదారి మళ్లీ చేరేలా దానికి నేర్పవచ్చు. ఆ తరువాత మూలంలో నుంచి ఆ పంక్తులను చెరిపివేసినా, కంపైలర్‌లో మాత్రం దోషం తరతరాలకు కొనసాగుతుంది. మూలాన్ని ఎంత చదివినా జాడ దొరకదు. తోడు చెడితే ప్రతి కుండా చెడుతుంది. పాలను పరీక్షించి లాభం లేదు.

అందుచేతనే మొట్టమొదటి తోడును వెతుక్కుంటూ వెనక్కు నడిచినవారు ఉన్నారు. 2023లో గ్నూ గీక్స్ బృందం, మనిషి కూర్చుని చదవగలిగిన 357 బైట్ల చిన్న ప్రోగ్రాముతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా జి.సి.సి. వరకు నిర్మించే మార్గాన్ని ప్రకటించింది. పెరుగు వంశానికి మూలపు చుక్కను కళ్ల ముందు ఉంచడం వంటిది ఆ పని.

సొంతంగా టూల్‌చెయిన్ నిర్మించబోయే యువకులు ఆ మూలం దాకా పోనక్కరలేదు. అయితే ఆదివారం పూట నిర్మాణం పదిసార్లు ఆగినా నిరుత్సాహపడనక్కరలేదు. ఆగిన ప్రతిసారీ అది అడుగుతున్నది ఆ మూడు ప్రశ్నలలో ఒకదానినే: ఎక్కడ తయారవుతున్నాను, ఎక్కడ నడవాలి, ఎవరి కోసం పనిచేయాలి? జవాబు స్పష్టంగా చెప్పినవారికి అది లొంగుతుంది. ఆగకుండా సాగిపోయిన నాడే మరి కాస్త జాగ్రత్తగా చూడాలి. పెరుగు తోడుకున్నదని గిన్నె పైనుంచి చూసి చెప్పవచ్చు. రుచి చూడవలసింది మాత్రం తినేవారే.